దుమ్ము పట్టిన బర్బన్ సీసా తెరిచే ముందు

బర్బన్ అంటే అమెరికా వాళ్ల మొక్కజొన్న విస్కీ. దాని పాత సీసా బల్ల మీదకి రాగానే అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న, "ఎన్నేళ్ల సరుకు?" తికమక అక్కడే మొదలవుతుంది. 1967లో సీసాలోకి పోసిన ఆరేళ్ల బర్బన్ ఇవాళ తెరిచినా ఆరేళ్ల బర్బనే. విస్కీకి వయసు పెరిగేది పీపాలో ఉన్నన్నాళ్లే. గాజులోకి దిగాక అది జాడీలో ఆవకాయలా ఊరదు. అందుకే అమెరికాలో 'డస్టీ' అని పిలుచుకునే ఈ పాత సీసాల్లో చూడాల్సింది ఏ రోజుల్లో, ఏ డిస్టిలరీలో, ఏ పద్ధతిలో తయారైందన్నది. దాన్ని గ్లాసు దాకా చెడకుండా తీసుకురావడం సగం పని. రుచి చూడ్డం మిగతా సగం. చాలామంది డబ్బు తగలేసుకునేది మొదటి సగంలోనే.

ఉదాహరణకి ఒక సీసాని ముందు పెట్టుకుందాం: ఓల్డ్ ఫిట్జ్‌గెరాల్డ్, బాటిల్డ్ ఇన్ బాండ్, 100 ప్రూఫ్ (ఈ రెండు మాటల అర్థం కింద వస్తుంది), 1960ల నాటిది. కెంటకీ రాష్ట్రం లూయివిల్ శివార్లలో, షైవ్లీలో ఉన్న స్టిట్జెల్-వెల్లర్ డిస్టిలరీ సరుకు. 1935లో కెంటకీ డెర్బీ రోజున తెరిచిన ఈ డిస్టిలరీని, దాన్ని నడిపిన పాపీ వాన్ వింకిల్ కుటుంబం 1972లో అమ్మేసింది. 1992లో అక్కడ స్వేదనం ఆగిపోయింది. ఓల్డ్ ఫిట్జ్‌గెరాల్డ్ పేరు మాత్రం చేతులు మారుతూ 1999లో హెవెన్ హిల్ దగ్గరికి చేరింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. లేబుల్ మీద పేరు అదే, లోపలి సరుకు పుట్టిన ఊరే వేరు. డస్టీల్లో మోసపోయేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు: పేరు చూసి కొంటారు, డిస్టిలరీ నంబరు చూడరు.

అప్పటి సరుకులో తేడా ఏంటి

బర్బన్‌కి చట్టం పెట్టిన హద్దులు పెద్దగా మారలేదు. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. స్వేదనం 160 ప్రూఫ్ దాటకూడదు. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఉంచాలి. సీసాలోకి వచ్చేసరికి 80 ప్రూఫ్‌కి తగ్గకూడదు. రంగు, రుచి బయటినుంచి కలపకూడదు. ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి రెట్టింపు, అంటే 100 ప్రూఫ్‌లో ఆల్కహాల్ 50 శాతం. మన దగ్గర దొరికే చాలా విస్కీల్లో మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిట్ కలుస్తుంది కాబట్టి ఆ లెక్కతో దీన్ని పోల్చొద్దు. ఇది మొత్తం ధాన్యం, మొత్తం పీపా.

అసలు మార్పు ఒక అంకెలో ఉంది. పీపాలోకి పోసేటప్పుడు ఉండాల్సిన గరిష్ఠ ప్రూఫ్‌ని 1962లో 110 నుంచి 125కి పెంచారు. కంపెనీకి ఇది లాభమే. తక్కువ పీపాలతో ఎక్కువ సీసాలు నింపుకోవచ్చు. తాగేవాడికి ఏం జరుగుతుందో లెక్కేసి చూడండి. కెంటకీ గోదాముల పై అంతస్తుల్లో వేసవి వేడికి ఆల్కహాల్ కంటే నీరే ఎక్కువ ఆవిరవుతుంది, ప్రూఫ్ ఇంకా పైకి పోతుంది. పీపాలోంచి తీసేటప్పటికి 135 ప్రూఫ్ ఉన్న సరుకు 100 లీటర్లుంటే, దాన్ని 100 ప్రూఫ్‌కి దించడానికి సుమారు 35 లీటర్ల నీళ్లు కలపాలి. అదే 115 ప్రూఫ్ దగ్గర తీస్తే 15 లీటర్లు చాలు. ఓక్ నుంచి దిగిన రుచి రెండో దాంట్లో అంత తక్కువ పలచబడుతుంది. పైగా ఆల్కహాల్ తక్కువ, నీరు ఎక్కువ ఉన్న ద్రవం చెక్కలోని తీపి పదార్థాల్ని బాగా లాగుతుంది. పాత బర్బన్ నోట్లో చిక్కగా, నూనెలా ఆనడానికి ఇదొక గట్టి కారణం. 110 దగ్గరే పోసేవాళ్లు ఈ రోజుకీ ఉన్నారు, మేకర్స్ మార్క్ వాళ్లు. ఈ సంగతి కింద మళ్లీ అక్కరకొస్తుంది.

రెండో కారణం వ్యాపారం. 1970ల్లో అమెరికన్లు వోడ్కా వైపు మళ్లారు, బర్బన్ అమ్మకాలు పడిపోయాయి, గోదాముల్లో పీపాలు పేరుకుపోయాయి. లేబుల్ మీద నాలుగేళ్లో ఆరేళ్లో అని ఉన్న సీసాలోకి కూడా అంతకంటే ముదురు సరుకు వెళ్లేది. చట్టం ప్రకారం లేబుల్ మీది వయసు కనీస వయసు మాత్రమే కాబట్టి అందులో తప్పేం లేదు. గిరాకీ లేని కాలపు సరుకు అంత బాగుండటానికి ఆ గిరాకీ లేకపోవడమే కారణం, చోద్యం కాకపోతే.

ఇవి కాక ఓక్ చెట్లు అప్పట్లో ముదురువనీ, ఈస్ట్ వేరనీ, పులియబెట్టే చెక్క తొట్లు వేరనీ చాలా చెబుతారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ గ్లాసులో ఒక రుచి తగలగానే "ఇది ముదురు చెట్టు రుచి" అని తేల్చేసేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. ఇంకోటి, పాతది కాబట్టి బాగుంటుందన్న పూచీ లేదు. 80 ప్రూఫ్ చవక సీసా 1975లో ఎంత పలచగా ఉందో ఇప్పుడూ అంతే పలచగా ఉంటుంది.

సీసాని చదవడం

బాటిల్డ్ ఇన్ బాండ్ అన్నది 1897 నాటి చట్టం. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తయారై, ప్రభుత్వ నిఘాలో ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లుండి, సరిగ్గా 100 ప్రూఫ్‌లో సీసాకెక్కాలి. కల్తీలు రాజ్యమేలిన రోజుల్లో వచ్చిన చట్టం ఇది. ఇవాళ డస్టీ వేటగాళ్లకి వరమైంది, ఎందుకంటే మూత మీదుగా అంటించిన ఆకుపచ్చ పన్ను స్టాంపు మీద తయారైన సీజను, సంవత్సరం ఒకపక్క, సీసాకెక్కిన సీజను, సంవత్సరం ఇంకోపక్క అచ్చై ఉంటాయి. సీజన్లు రెండే: జనవరి నుంచి జూన్ దాకా స్ప్రింగ్, జూలై నుంచి డిసెంబర్ దాకా ఫాల్. 'ఫాల్ 1961' అని ఒక చివర, 'ఫాల్ 1967' అని ఇంకో చివర ఉంటే ఇంకెవర్నీ అడగాల్సిన పని లేదు. బాండ్ కాని బర్బన్‌కి స్టాంపు ఎర్రగా ఉంటుంది. దాని మీద ఇలా సీజన్లు ఉండవు.

స్టాంపు చిరిగిపోయినా మిగతా గుర్తులతో కాలాన్ని ఒక సందులోకి నెట్టొచ్చు. పన్ను స్టాంపుల విధానం 1985లో ఆగిపోయింది, కాబట్టి స్టాంపు ఉంటే సీసా దాదాపు అంతకుముందుదే. 'ఈ సీసాని తిరిగి వాడటం, అమ్మడం ఫెడరల్ చట్టరీత్యా నిషేధం' అన్న వాక్యం గాజులోనే ఉబ్బెత్తుగా పోసి ఉంటే 1935కీ 1964కీ మధ్య పోసిన గాజు అన్నమాట. పరిమాణం '4/5 క్వార్ట్' అని ఉంటే, అంటే సుమారు 757 మిల్లీలీటర్లు, 1980కి ముందుది. 1980 జనవరి నుంచి మెట్రిక్ కొలతలు తప్పనిసరి అయ్యాయి, సీసా 750కి వచ్చింది. చిరునామాలో జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతది. బార్‌కోడ్ ఉంటే 1974కి ముందుది కానే కాదు. గర్భిణుల గురించి, డ్రైవింగ్ గురించి ప్రభుత్వ హెచ్చరిక ఉంటే 1989 నవంబర్ ప్రాంతం, ఆ తర్వాత.

ఇప్పుడు సీసా బోర్లించకుండా, పైకెత్తి అడుగు చూడండి. గాజు అడుగున చిన్న అంకెలుంటాయి. వాటిలో రెండంకెల సంఖ్య ఒకటి చాలాసార్లు గాజు పోసిన సంవత్సరం. అడుగున 66 ఉండి స్టాంపు మీద 1967 ఉంటే పొత్తు కుదిరింది. అడుగున 71 ఉండి స్టాంపు 1967 అంటే, ఇంకా పుట్టని సీసాలోకి విస్కీ పోశారన్నమాట. ఖాళీ సీసాకి పాత లేబులో, పాత స్టాంపో అంటించి ఏదో ఒకటి నింపారని అనుమానించాలి. స్టాంపు మూత మీదుగా ఒకే ముక్కగా వెళ్లిందా, మధ్యలో బ్లేడుతో కోసి మళ్లీ అంటించారా అన్నది భూతద్దంతో చూస్తే తెలిసిపోతుంది. కోసిన గీత నున్నగా, తిన్నగా ఉంటుంది. కాలం చింపిన గీత నార నారగా ఉంటుంది.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైంది, డిస్టిలరీ నంబరు. 'డి.ఎస్.పి.–కె.వై.–16' (డిస్టిల్డ్ స్పిరిట్స్ ప్లాంట్, కెంటకీ, 16) అని ఉంటే స్టిట్జెల్-వెల్లర్. ఇక్కడే చిన్న మెలిక ఉంది. స్వేదనం చేసిన చోటికీ, సీసాలో నింపిన చోటికీ నంబర్లు వేరుగా ఉండొచ్చు, రెండూ లేబుల్ మీద ఉంటాయి. మీకు కావాల్సింది స్వేదనం చేసిన చోటు. హెవెన్ హిల్ సీసాల్లో ఈ తేడా మీదే ధర ఆడుతుంది. 1996 నవంబర్‌లో బార్డ్స్‌టౌన్‌లో వాళ్ల డిస్టిలరీ, ఏడు గోదాములు, 90 వేలకు పైగా పీపాలు తగలబడిపోయాయి. ఆ మంటకి ముందు స్వేదనం 31వ నంబరు. తర్వాత వాళ్లు 1999లో కొన్న బర్న్‌హైమ్ డిస్టిలరీది 1వ నంబరు. స్వేదనం దగ్గర 31 అని ఉన్న సీసాని 'ప్రీ-ఫైర్' అని ఎగబడి కొంటారు.

కొనడం గురించి ఒక్క మాట. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లైసెన్సు లేని మనిషి మందు అమ్మడం నేరం. కెంటకీ 2017లో చట్టం చేసి, 2018 నుంచి లైసెన్సున్న షాపులూ బార్లూ ఇళ్లలోని పాత సీసాలు కొని అమ్ముకోవచ్చని తలుపు తెరిచింది. లూయివిల్, లెక్సింగ్టన్ వైపు వెళ్లే మనవాళ్లకి నా సలహా: సీసా కొనకండి, ముందు బార్‌లో అర ఔన్సు, అంటే 15 మిల్లీలీటర్లు, పోయించుకుని చూడండి. నచ్చకపోతే నష్టం అంతటితో పోతుంది.

మట్టం, మూత, అడుగు

సీసాని వెలుతురుకి ఎదురుగా నిలబెట్టి మట్టం చూడాలి. మెడ మధ్యలో ఉంటే మంచిది. మెడ మొదట్లో, భుజం మొదలయ్యేచోట ఉంటే యాభై అరవై ఏళ్లకి సహజమే. భుజం దాటి కిందకి దిగిందంటే గాలి ఆడింది. అంత కారినచోట ఆల్కహాల్ కూడా పోయి ఉంటుంది, రుచి చప్పగా, అట్టముక్క నానిన నీళ్లలా తయారవుతుంది. అలాంటిదాన్ని అలంకారానికి కొనుక్కోండి, తాగడానికి వద్దు.

రంగు కూడా చూడాలి. ఎండ తగిలిన షెల్ఫులో ఉన్న సీసా లేబుల్ వెలిసిపోయి ఉంటుంది, లోపలి ఎర్రటి రాగి రంగు కూడా పాలిపోతుంది. అడుగున నల్లటి నలకలుంటే కంగారు పడక్కర్లేదు, పీపా లోపలి బొగ్గు పొడి కావచ్చు. చలిగదిలోంచి తెచ్చిన సీసా మబ్బుగా ఉంటే రెండు గంటలు మామూలు గదిలో ఉంచండి. కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు చలికి గడ్డకట్టిన మబ్బైతే విడిపోతుంది. విడిపోకపోతే, పైగా వాసన కూడా తేడాగా ఉంటే, నోట్లో పెట్టుకోవద్దు.

పింగాణీ బొమ్మ సీసాల సంగతి వేరుగా చెప్పాలి. 1950ల నుంచి 1980ల దాకా జిమ్ బీమ్, ఎజ్రా బ్రూక్స్, వైల్డ్ టర్కీ లాంటి పేర్లతో కార్లు, రైళ్లు, టర్కీ కోళ్ల ఆకారాల్లో పింగాణీ డికాంటర్లు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. చవగ్గా దొరుకుతాయి, లోపల మంచి సరుకే ఉండొచ్చు. కానీ ఆ పింగాణీ మెరుపు పూతలో సీసం (లెడ్ అనే విషలోహం) ఉంటే, దశాబ్దాల తరబడి ఆల్కహాల్ దాన్ని లాగి తనలో కలుపుకుంటుంది. సీసానికి వాసన లేదు, రుచిలో పట్టుబడదు. వడగట్టినా, కాచినా పోదు. పెయింట్ కోసం అమ్మే పరీక్ష పట్టీలు ఇక్కడ నమ్మదగ్గవి కావు. ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా ఒక్క గుక్క కూడా వద్దు. లెడ్ క్రిస్టల్ డికాంటర్లో ఏళ్ల తరబడి ఉన్న విస్కీకీ ఇదే మాట. పింగాణీకి ఇంకో తంటా, మట్టం బయటికి కనిపించదు. తూచి చూసుకోవాలి.

తెరవడం

బర్బన్ సీసాని వైన్‌లా పడుకోబెట్టి దాచరు. 50 శాతం ఆల్కహాల్ బిరడాని తినేస్తుంది. నిలబెట్టే దాచాలి, అలా దాచితే బిరడా ఎండిపోతుంది. ఈ రెండింటి మధ్య చిక్కిందే పాత బిరడా. అది ఊడి వస్తుందని కాకుండా, విరుగుతుందని అనుకునే సిద్ధం కావాలి.

బల్ల మీద ఉండాల్సినవి: కడిగి పూర్తిగా ఆరబెట్టిన ఇంకో గాజు సీసా, గరాటు, కాఫీ ఫిల్టర్ కాగితాలు రెండు, రెండు రేకుల బిరడా పుల్లర్, మామూలు స్క్రూ పుల్లర్, పళ్లెం, మెత్తటి గుడ్డ. అయిపోయిన బర్బన్ సీసాల బిరడాలు పారేయకుండా మూడు నాలుగు సైజుల్లో దాచుకోండి. ఏదో ఒకటి సరిపోతుంది.

స్టాంపుని చింపకుండా ఉంచాలనుకుంటే ఒకవైపు బ్లేడుతో కోసి పక్కకి తీయండి. లక్క సీలైతే కత్తి వెనకవైపుతో మెల్లగా తట్టి పళ్లెంలోకి రాల్చండి. నేరుగా సీసా మీద రాలితే మెడలో పడుతుంది. బిరడా తీసే ముందు సీసాని మెల్లగా వంచి, బిరడాకి విస్కీ తగిలేలా అర నిమిషం పట్టుకోండి. ఎండిన కార్క్ కొద్దిగా మెత్తబడుతుంది. అంతకంటే ఎక్కువసేపు వద్దు, కారుతుంది. తర్వాత నిలబెట్టి, బిరడాని కదలకుండా పట్టుకుని సీసాని తిప్పండి. బిరడాని తిప్పితే చెక్క టోపీ చేతిలోకి, కార్క్ మెడలోకి, రెండూ రెండు దారులు పడతాయి.

విరిగితే ఏం చేయాలి? మిగిలిన ముక్క మెడలో బిగుతుగా ఉంటే రెండు రేకుల్ని గాజుకీ కార్క్‌కీ మధ్య, ఒకటి తర్వాత ఒకటి, అటూ ఇటూ ఊపుతూ దించి, తిప్పుతూ పైకి లాగండి. స్క్రూ మాత్రం ఎండిన కార్క్‌ని పొడి చేస్తుంది. బొత్తిగా ముక్కలైపోతే పోరాడొద్దు, లోపలికి తోసేసి, వెంటనే ఫిల్టర్ కాగితం వేసిన గరాటులోంచి రెండో సీసాలోకి వంచేయండి. 750 మిల్లీలీటర్లు కాగితంలోంచి దిగడానికి పావుగంట పైనే పట్టొచ్చు, మధ్యలో కాగితం పూడుకుపోతే మార్చండి. కాగితాన్ని ముందు కొద్దిగా నీళ్లతో తడిపి పిండేస్తే కాగితం వాసన దిగదు.

మరమూత సీసాలతో వేరే ఇబ్బంది. మూత లోపల అట్ట బిళ్లో ప్లాస్టిక్ బిళ్లో ఉంటుంది. అది కుళ్లి మెడకి అంటుకుని ఉంటే మూత తీయగానే తడిగుడ్డతో మెడ లోపలా బయటా తుడిచాకే వంచాలి. పాత లోహపు మూత బిగుసుకుపోతే పట్టకారు వాడొద్దు, మెడ పగులుతుంది. రబ్బరు గ్లవ్ వేసుకుని తిప్పితే చాలు.

గ్లాసులోకి

పెగ్గు లెక్క ఇక్కడ పనికిరాదు. మనిషికి 15 మిల్లీలీటర్లు పోయండి. ఒక సీసా యాభై మందికి వస్తుంది. కడుపు ఉబ్బి పైన సన్నబడే గ్లెన్‌కేర్న్ గ్లాసు మంచిది. లేకపోతే చిన్న వైన్ గ్లాసు నయం. వెడల్పు నోరున్న టంబ్లర్లో సువాసన నిలవదు. ఐసు, సోడా, మంచింగ్ మూడూ పక్కన పెట్టండి. గదిలో అగరొత్తి, మల్లెపూలు, పోపు వాసన ఉండకూడదు. బిరియానీ, ఆవకాయ, వక్కపొడి, కాఫీ అయ్యాక కనీసం రెండు గంటలు ఆగండి. మధ్యలో నాలుక శుభ్రం చేసుకోవడానికి ఉప్పు లేని మరమరాలూ మంచినీళ్లూ చాలు. గది 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల హైదరాబాద్‌లో ఏసీ లేని గదిలో 100 ప్రూఫ్ పోస్తే ముక్కుకి తగిలేది స్పిరిట్ ఘాటే.

పోయగానే ముక్కు పెట్టి తీర్పు చెప్పొద్దు. అరవై ఏళ్లు మూసి ఉన్న సీసా మెడలోంచి వచ్చే మొదటి వాసన తరచుగా తడి గోనెసంచి, పాత బీరువా, రాగి నాణెం. దీన్ని పాత సీసా వాసన అంటారు. గ్లాసు మీద చిన్న మూత పెట్టి పావుగంట వదిలేయండి. పావుగంటకి సగం పోతుంది, అరగంటకి చాలావరకు పోతుంది. అరగంట తర్వాత కూడా తడి అట్టముక్క వాసన మాత్రమే ఉంటే, పైగా పెరుగుతూ ఉంటే, అది బిరడా తెగులు. గాలికి పోయేది కాదు. ఆ సీసా అయిపోయినట్టే.

ముక్కుని గ్లాసు అంచుకి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, పెదాలు కొద్దిగా తెరిచి, పొట్టిగా రెండుసార్లు పీల్చండి. నోరు మూసుకుని దీర్ఘంగా లాగితే ఆల్కహాల్ ముక్కుని మొద్దుబారుస్తుంది, ఇంకో పది నిమిషాలు ఏమీ తెలీదు. తర్వాత దగ్గరికి తెచ్చి, ఒక్కో ముక్కుపుటంతో విడిగా చూడండి.

వాసనలకి ఇంగ్లిష్ రుచుల పట్టీ అక్కర్లేదు, మన వంటింట్లో అన్నీ ఉన్నాయి. గోధుమ కలిసిన స్టిట్జెల్-వెల్లర్ శైలిలో ముందుగా వచ్చేది మాడీ మాడని పంచదార పాకం, తాటిబెల్లం. పీపా లోపల కాల్చినప్పుడు చెక్కలోని హెమీసెల్యులోజ్ చక్కెరలుగా విడిపోయి పాకమైనందుకు ఆ వాసన. వెనీలా వచ్చేది లిగ్నిన్ విరిగి వెనిలిన్ అయినందుకు. ఎండుకొబ్బరి చిప్ప వాసన ఓక్ లాక్టోన్లది. లవంగం వాసన యూజెనాల్‌ది, మన లవంగంలో ఉన్న పదార్థమే అది. వీటి వెనక ఎండు ఖర్జూరం, కొత్త తోలు చెప్పు, గంధపు చెక్క అరగదీసినప్పటి తడి. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు వాసన చివర్లో, గ్లాసు వేడెక్కాక వస్తుంది. గోధుమ బదులు రై అనే ధాన్యం ఎక్కువగా వేసే ఓల్డ్ గ్రాండ్-డాడ్ పాత సీసాలైతే మిరియాలు, సోంపు, పుదీనా ముందుకొస్తాయి. ఈ బ్రాండుని 1987లో జిమ్ బీమ్ వాళ్లు కొన్నారు, అంతకుముందు నేషనల్ డిస్టిలర్స్ కాలపు సరుకుకే గిరాకీ.

మొదటి గుక్క అర చెంచా. అది రుచి కోసం కాదు, నోటిని అలవాటు చేయడానికి. దాన్ని బట్టి ఏమీ రాసుకోవద్దు. రెండో గుక్కని నాలుక మీద పరిచి, నమిలినట్టు దవడ ఆడించండి. జిమ్ బీమ్ మనవడు బుకర్ నో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు, 'కెంటకీ చ్యూ' అంటారు. నాలుక పక్కలకీ, చిగుళ్లకీ తగిలితేనే చిక్కదనం తెలుస్తుంది. పది లెక్కపెట్టి మింగి, ముక్కుతో గాలి వదలండి. పాత బర్బన్ గొప్పదనం ఇక్కడే బయటపడుతుంది. కొత్తదాంట్లో కారం ముందు తగిలి తీపి వెనక మాయమవుతుంది. మంచి డస్టీలో మింగాక ఒకటి రెండు నిమిషాలు బెల్లం తిన్న నోరులా ఉండి, దాని వెనక సన్నగా ఓక్ వగరు వస్తుంది. వగరు మొదటే వచ్చి నాలుక ఎండబెడితే పీపాలో అతిగా ఉన్న సరుకు. అది పాతదైనా గొప్పది కాదు.

నీళ్లు కలపాలా? సగం తాగాక కలిపి చూడండి. బోరునీళ్లు వద్దు, ఉప్పులు రుచిని మింగేస్తాయి. వాసన లేని ఆర్‌వో నీళ్లు, డ్రాపర్‌తో. 50 శాతం ఉన్న 15 మిల్లీలీటర్లని 45 శాతానికి దించడానికి సుమారు 1.7 మిల్లీలీటర్లు చాలు, 40 శాతానికి 3.75. గ్లాసులో మిగిలింది సగమే అయితే నీళ్లూ సగమే. పాత సరుకు నీళ్లకి తొందరగా చప్పబడిపోతుంది, కాబట్టి మూడు చుక్కల దగ్గర ఆగి చూసి, తర్వాత ఇంకో మూడు.

ధర తెలిసిన నాలుక అబద్ధం చెబుతుంది. దానికి మందు ఒకటే, చూడకుండా తాగడం. గోధుమ వాడేదీ, 110 దగ్గర పీపాలో పోసేదీ కాబట్టి మేకర్స్ మార్క్ పోలికకి బాగా కుదురుతుంది. 101 ప్రూఫ్ రకం దొరికితే ఇంకా మేలు, ప్రూఫ్ తేడాతో మోసపోం. ఒకేలా ఉన్న మూడు గ్లాసులు తీసుకుని, రెండింట్లో ఒక విస్కీ, మూడోదాంట్లో ఇంకోటి, ఎవరో ఒకరు పక్కగదిలో పోసి అడుగున గుర్తు పెట్టాలి. వేరుగా ఉన్నదేదో పట్టుకోవాలి. ఊహించి చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి గెలిస్తే లెక్కలోకి రాదు. గ్లాసులు మార్చి మూడు నాలుగుసార్లు ఆడండి. ఏది బాగుందో, పట్టుకున్నాకే మాట్లాడుకోవాలి.

మిగిలింది దాచడం

పైన గాలి పెరిగేకొద్దీ పాత సరుకు త్వరగా వాడిపోతుంది. సీసా సగానికి వచ్చేదాకా ఒకటి రెండు నెలలు ఫర్వాలేదు. సగం దాటిందంటే 200 లేదా 100 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాల్లోకి, మూతి దాకా నింపి మార్చండి. మూత లోపల గట్టి ప్లాస్టిక్ కోను ఉన్నవి తీసుకోండి. మందుల సీసాల రబ్బరు మూతలు వాసన వదులుతాయి. మూత చుట్టూ పారాఫిల్మ్ (సాగే మైనపు పట్టీ) రెండు చుట్లు చుట్టి, చీకటి అలమరలో నిలబెట్టండి. అసలు బిరడా నలిగిపోయి ఉంటే దాన్ని మళ్లీ పెట్టొద్దు, దాచిన మంచి బిరడా వాడండి. చిన్న సీసాల మీద పేరు, సీజను, తెరిచిన తేదీ, మార్చిన తేదీ పెన్సిల్‌తో రాయండి. సిరా ఒక్క చుక్క విస్కీ పడితే చెరిగిపోతుంది.

ఈ చిన్న సీసాల్ని అమెరికా నుంచి ఇంటికి తెచ్చుకుందామంటే కుదరదు. 24 నుంచి 70 శాతం ఆల్కహాల్ ఉన్నవి చెక్-ఇన్ సామాన్లో మనిషికి 5 లీటర్ల దాకా ఒప్పుకుంటారు గానీ, తెరవని దుకాణపు సీసాలోనే ఉండాలి. ఇండియాలో దిగాక సుంకం లేకుండా 2 లీటర్లే. తెరవని డస్టీని తెస్తే మాత్రం మూత చుట్టూ పారాఫిల్మ్ చుట్టి, జిప్ కవర్లో పెట్టి, మూత పైకి ఉండేలా బట్టల మధ్య బిగించండి. పెట్టె ఎటు పడుకున్నా తడిసిన బిరడా ఇరవై గంటల ప్రయాణంలో కారుతుంది, దిగాక మట్టం చూడాల్సిందే.